చారు ఆగే దాకా

కొత్తగూడెంలో ఒక మెస్సుకు నేను బండి నడిపాను. మొదట సైకిలు, తర్వాత మోపెడ్, చివరికి ట్రాలీ ఆటో. బండ్లు మారినా పని ఒక్కటే. వంటింట్లో వండింది తినేవాళ్ల దగ్గరికి చేర్చాలి. దారిలో ఒలకకూడదు.

ఎప్పుడు చేరాను, జీతం ఎలా పెరిగింది అన్నవి రాయను. అవి ఎవరికీ పనికిరావు. ఈ పనిలోకి ఇప్పుడు చాలామంది పిల్లలు వస్తున్నారు. వాళ్లకు దారి చూపించడానికి ఫోను ఉంది. బండిలో పప్పుచారు ఎలా కదులుతుందో మాత్రం ఫోను చెప్పదు. నాకు తెలిసినంత వరకు అది రాస్తాను.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. నా భార్య నరసమ్మ ఈ ఏడాది చనిపోయింది. ఆమె అదే మెస్సులో వంట చేసేది. ఆమె గురించి రాద్దామని కూర్చోలేదు. కానీ ఒలకకుండా తీసుకెళ్లడం గురించి రాస్తుంటే ఆమెను తప్పించి రాయడం కుదరడం లేదు.

మా ఇంటికి వచ్చిన పార్సిలు

చావు జరిగిన ఇంట్లో చిన్నకర్మ దాకా పొయ్యి వెలిగించరు. చుట్టాలో ఇరుగుపొరుగో వండి తెస్తారు. మాకు మెస్సు నుంచి వచ్చింది. ఓనరు నాగేశ్వరరావు గారు మధిర వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. దహనం రోజు ఆయన నా పక్కన కూర్చుని, "ఆవిడ చేతి అన్నం పెట్టి బతికిన మెస్సయ్యా అది. మీ ఇంటికి ఇంకెవరో వండి తేవడమేంటి?" అన్నారు. మాట ప్రకారం రెండు పూటలా పంపించారు.

ఆ రోజుల్లో నేను ఎవరితోనూ మాట్లాడలేదు. వచ్చినవాళ్లు తలా ఒక మంచి మాట చెప్పి వెళ్లారు. నాకు చదివే అలవాటుంది. పని మానేశాక పగలంతా గ్రంథాలయంలోనే కూర్చునేవాణ్ని. చావు గురించి పెద్దవాళ్లు రాసినవి ఎన్నో చదివాను. అవేవీ అప్పుడు గుర్తుకు రాలేదు. వచ్చినా పనికొచ్చేవి కావు.

చిన్నకర్మకు ముందు రోజు మధ్యాహ్నం పార్సిలు తెచ్చిన అమ్మాయి గడప దగ్గరే నిలబడిపోయింది. ఇరవై దాటి ఉంటాయి. మెస్సు ట్రాలీ ఆటో నడిపేది ఇప్పుడు ఆమే. పెనుబల్లి నుంచి వచ్చిన మా అమ్మాయి పద్మ సంచీ విప్పింది.

"అయ్యో నాయినా, చారంత అన్నంల పోయింది."

కవరు ముడి జారింది. అన్నం పొట్లాలు తడిసి పసుపురంగుకు వచ్చాయి. సంచీ అడుగున చారు నిలిచింది. నేను లేచి వెళ్లి చూశాను. అన్ని రోజుల తర్వాత నా నోటినుంచి వచ్చిన మొదటి మాట ఇది:

"చారు కవరు పండుకోబెట్టినవా, నిలబెట్టినవా?"

ఇంట్లో వాళ్లంతా నా వైపు తిరిగారు.

"పండుకోబెట్టిన తాతా," అంది ఆ అమ్మాయి.

"అన్నం కిందనా, పైననా?"

"పైన."

"వేడి మీదనే ముడేసిన్రా?"

"నాకెర్క లేదు. లోపల కట్టిచ్చిన్రు, నేను తెచ్చిన."

పక్కింటి ముసలమ్మ గొంతు తగ్గించకుండానే అంది. "పెండ్లాం పోయి దినాలన్న కాలే, చారు ముచ్చట వెట్టిండు సూడు."

ఆ అమ్మాయి పేరు సునీత. ఊరు చండ్రుగొండ దాటి అడవిలోపల. కొంచెంసేపటికి తనే చెప్పింది. "ఇంతకుముందు కూడ ఒలికినయని ఫోన్లు చేసిన్రు తాతా. ఇంకొక్కటి వస్తే పన్లకు రావొద్దన్నడు సారు. మీరు చెయ్యకున్రి. ఈ పని పోతే నాకు మళ్ల మిర్చి తోటలే దిక్కు."

మిర్చి ఏరేవాళ్ల చేతులు నేను చూశాను. రాత్రి పడుకున్నాక కూడా మండుతాయి.

"మేం చెయ్యం గని, ఎల్లుండి బండి ఇటు పట్టుకరా," అన్నాను.

సగం గుండిగ

ఒలకడం గురించి మా ఓనరుకు ఉన్న అపోహే కొత్తగా వచ్చేవాళ్లందరికీ ఉంటుంది. కాబట్టి ఆ కథ చెప్పాలి.

నాగేశ్వరరావు గారు తిండి విషయంలో నిజాయితీ గల మనిషి. నిన్నటి కూర ఈరోజు పంపినట్లు నేనెన్నడూ చూడలేదు. బండి విషయంలో మాత్రం ఆయనకు ఏమీ తెలియదు, తెలుసని నమ్మకం. ఒకసారి పెనుబల్లిలో నిశ్చితార్థానికి పప్పుచారు తీసుకెళ్లాల్సి వచ్చింది. పెద్ద గుండిగ. ఆయన వంటింట్లోకి వచ్చి, "గొంతు దాకా పోయకండి. సగం మీద కొంచెం పోసి రెండు గుండిగలు చెయ్యండి. ఖాళీ ఉంటే ఒలకదు," అన్నారు.

వినడానికి సబబుగానే ఉంటుంది. గ్లాసు నిండా నీళ్లు పోస్తే ఒలుకుతాయి, సగం పోస్తే ఒలకవు. కానీ గ్లాసును చేత్తో పట్టుకుని నడుస్తాం. బండిలో పెట్టిన గుండిగ సంగతి వేరు. సగం ఖాళీ ఉందంటే చారుకు పరుగెత్తడానికి చోటు ఇచ్చినట్లే. బ్రేకు వేస్తే మొత్తం చారు ముందుకు వెళ్లి గోడకు కొట్టుకుని, పైకి లేచి, మూతను తోసేస్తుంది. నిండుగా ఉన్నదానికి పరుగెత్తే చోటు ఉండదు. మూత గట్టిగా కట్టి ఉంటే అది ఉన్నచోటనే వణుకుతుంది.

అది నాకు అప్పటికి తెలియదు. నరసమ్మకు తెలుసు. "సగం పోస్తే మూత నిల్వదు సారూ," అని ఒకసారి అంది. ఆయన విననట్లు వెళ్లిపోయారు. తల్లాడ రోడ్డు మీద గేదెలు అడ్డం వస్తే నేను బ్రేకు కొట్టాను. వెనక మూత ఎగిరి పడిన చప్పుడు వినిపించింది. పెళ్లివారి ఇంటికి చేరేసరికి రెండు గుండిగల్లోనూ చారు అడుగంటింది. కూర ఉంది, పెరుగు ఉంది, చారు లేదు. ఆ ఇంటి పెద్దాయన నన్ను అన్న మాటలు ఇక్కడ రాయను.

తిరిగి వచ్చాక నరసమ్మ ఓనరు ముందే గుండిగను గొంతు దాకా నింపింది. అరటాకు కోసి నాలుగు ముక్కలు చారు మీద పరిచింది. మూత పెట్టి, అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద మెత్తి, తడిగుడ్డతో కట్టింది. "ఇప్పుడు చారును బయటికి పొమ్మను," అంది నాతో.

ఆకు ఎందుకు అని అడిగాను. వాళ్ల ఊళ్లో వాగు నుంచి నీళ్లు తెచ్చేటప్పుడు బిందెలో మోదుగాకు వేసుకునేవాళ్లట. ఆకుకు బరువు లేదు. అయినా అల లేవబోతే పైనుంచి పరుచుకుని ఉంటుంది కాబట్టి లేవనియ్యదు. లేచినా అంచు దాకా రానియ్యదు. ఇంతకుమించి ఇందులో రహస్యం ఏమీ లేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు మా మెస్సు చారు ఎక్కడికి వెళ్లినా ఆకు కింద వెళ్లింది. ఓనరు గారు చుట్టాలు వచ్చినప్పుడల్లా గుండిగ చూపించి, "ఇది మన ఐడియానే," అనేవారు. నరసమ్మ గరిటె తిప్పుతూ నా వైపు చూసేది. ఆ చూపులో కోపం ఉండేది కాదు. నవ్వు ఆపుకునేది.

ఆమె మోకాళ్లు పట్టేసి పని మానేశాక ఆకు కూడా పోయింది. బిగించే మూతల డబ్బాలు వచ్చాయి, ప్లాస్టిక్ కవర్లు వచ్చాయి. పెద్ద గుండిగలు మాత్రం ఇప్పటికీ పాతవే.

కోప్పడని వాళ్లు

ఒలికితే తిట్టేవాళ్లు అందరికీ తగులుతారు. వాళ్ల గురించి ఎక్కువ ఆలోచించకండి. తిట్టు అక్కడికి అయిపోతుంది. నాకు గుర్తున్నది తిట్టని వాళ్లు.

ఒక ఎండాకాలం అడవి దారిలో కల్వర్టు కడుతున్న కూలీలకు రోజూ మధ్యాహ్నం భోజనం తీసుకెళ్లేవాణ్ని. ఎండలో అడవి దారి మోసం చేస్తుంది. చెట్ల నీడలు మచ్చలు మచ్చలుగా పడి, ఏది గుంటో ఏది నీడో తెలియదు. నీడ అనుకుని ఒక గుంటలోకి దిగాను. కూర డబ్బా మూత ఊడి సగం పోయింది. డబ్బాలు దించి చేతులు కట్టుకుని నిలబడ్డాను, ఏమంటారోనని. మేస్త్రీ ఉన్న కూరను సమానంగా వేశాడు. ఒక ఆడమనిషి తన వంతు అన్నం పిడికిట్లోకి తీసుకుని, డబ్బా బయటివైపు కారిన కూరను ఆ ముద్దతో తుడిచి తిన్నది. తర్వాత నన్ను చూసి, "నువ్ తిన్నవా అన్నా?" అని అడిగింది.

పొద్దున్నుంచి రాళ్లు మోసిన మనిషికి ఆ కూర ఏమిటో ఆ రోజు తెలిసింది. మేం ఒలకడం అని తేలిగ్గా అంటాం. తినేవాళ్ల వైపు నుంచి చూస్తే అది తక్కువ పడిన ముద్ద.

ఇంకో మాట. ఒలికినదంతా డ్రైవరు తప్పే అనే ఓనరు దగ్గర పని నేర్చుకోలేం. సగం ఒలుకు వంటింట్లోనే మొదలవుతుంది. సలసలా కాగే చారును కవర్లో పోసి వెంటనే ముడి వేస్తే ఆవిరికి కవరు ఉబ్బి ముడి జారుతుంది. పడుకోబెట్టిన కవరు మీద అన్నం బరువు పడితే ఇంకా తొందరగా జారుతుంది. కట్టేవాళ్లు దారిని చూడరు, నడిపేవాళ్లు కట్టడం చూడరు. బండి ఎక్కించే ముందు ప్రతి ముడినీ మీరే ముట్టుకుని చూడండి. వంటవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

సునీతకు చెప్పినవి

చిన్నకర్మ అయిన మర్నాడు సునీత బండి తెచ్చింది. దినాలు కాకుండా ఇల్లు దాటకూడదని ఇంట్లో పెద్దవాళ్లు అన్నారు. పద్మ, "ఇంట్ల కూసుంటే గోడనే చూస్తడు. పోనియ్యున్రి," అంది. నేను బజారు దాకా వెళ్లలేదు. మా వీధిలోనే చెప్పాను.

ట్రాలీలో పాత టైరు పడుకోబెట్టించి, దాని మధ్యలో నీళ్లు నింపి మూత పెట్టని గుండిగను కూర్చోబెట్టాను. బిందెకు కుదురు ఎలాగో గుండిగకు టైరు అలాగ. నున్నటి ఇనుప రేకు మీద తాడుతో ఎంత కట్టినా జరుగుతుంది. తర్వాత ఆమెను నడపమని, నేను వెనక గుండిగ పక్కన కూర్చున్నాను. వీధి చివర ఆమె బ్రేకు వేసింది. నా ఒళ్లంతా నీళ్లు.

"ఆగిన కద తాతా, మెల్లగనే ఆగిన!"

"బండి ఆగింది. నీళ్లు ఆగలే. ఇటొచ్చి చూడు."

దిగి వచ్చి చూసింది. బండి నిలిచాక కూడా గుండిగలో నీళ్లు అటూ ఇటూ ఊగుతున్నాయి.

"నువ్ ఆగినంక అది ఆగుతది. అది ఊగుతున్నప్పుడే నువ్ మళ్ల కదిలితే రెండు ఊపులు కలుస్తయ్. అప్పుడే ఒలుకుతది. ఎక్కడన్న గట్టిగ ఆగవలసి వస్తే, చారు ఆగే దాకా నువ్ కదలకు. వెనకోడు హారన్ కొడితే కొట్టుకోని."

ఆమె నవ్వింది. "తిడితే?"

"తిట్టుకోని."

మెల్లగా వెళ్లడం మంచిదే కానీ అదే పని కాదు. మెల్లగా వెళ్తూ మాటిమాటికీ బ్రేకు తొక్కేవాడి చారు, ఒకే వేగంతో వెళ్లేవాడి చారుకన్నా ఎక్కువ ఒలుకుతుంది. బ్రేకు అవసరం రాకుండా నడపడమే మన పని. అందుకు దూరంగా చూడాలి. బొగ్గు లారీ ముందుంటే వదిలెయ్యాలి, దాని వెనక దుమ్ములో గుంట కనపడదు. మేకలు రోడ్డు పక్కన ఉంటే అవి రోడ్డు మీద ఉన్నట్లే లెక్క.

గొంతు దాకా నింపి మూతకు పిండి మెత్తడంతో సహా ఇవన్నీ చెప్పాను. ఆకు సంగతి ఒక్కటి చెప్పలేదు. చెప్పాలంటే నరసమ్మ పేరు ఎత్తాలి. అప్పటికి అది నా చేత కాలేదు.

పెద్దకర్మ నరసమ్మ పుట్టిన ఊళ్లో జరగాలి. అది ఆమె కోరిక. పప్పుచారు మెస్సు నుంచే రావాలన్నది ఓనరు గారి పట్టుదల. మిగతావి అక్కడ వండుతారు. మాట్లాడుకోవడానికి మా ఇంటికి వచ్చినప్పుడు, కారు డ్రైవరును పెట్టి పంపిస్తానన్నారు.

"సునీతతోటి పంపున్రి," అన్నాను.

"ఆ అమ్మాయా? వెంకన్నా, నీ ఇంట్లోనే ఒలకబోసిందంటగా? నాకు తెలియదనుకున్నావా?"

"ఎవరు చెప్పిన్రు?"

"మీ పక్కింటావిడ. సరేలే, నీ ఇష్టం. కానీ నేనూ వస్తున్నాను. నా కళ్ల ముందే మూత తీస్తారు. నరసమ్మ దినం నాడు చారు తక్కువైతే ఇక ఆ అమ్మాయి మెస్సు గుమ్మం తొక్కక్కర్లేదు."

ఆ మాట గడప దగ్గరున్న సునీత ముందే అన్నారు. సునీత బండి తాళం చేతిలో తిప్పుతూ నిలబడింది.

వాగు దగ్గర

ఆ ఊరికి వెళ్లే దారి చివర ఒక వాగు ఉంది. దాని మీద వేసిన తూములు వానలకు కొట్టుకుపోయాయి. ఇప్పుడు బండ్లు నీళ్లలోకి దిగి, రాళ్ల మీదుగా దాటుతాయి. నీళ్లు చీలమండ దాకానే. రాళ్లే ఇబ్బంది.

మేమంతా ముందు రోజే వచ్చాం. పొద్దున కార్యం అయిపోయింది. జనం ఎక్కువే వచ్చారు. మెస్సులో ఆమెతో పనిచేసినవాళ్లు, ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. మోదుగ విస్తర్లు వేశారు. అన్నం వార్చారు. నా బావమరిది ముత్తయ్య మాటిమాటికీ వాగు వైపు చూస్తున్నాడు. నాగేశ్వరరావు గారు అప్పటికే కారు వాగు అవతల వదిలి, పంచె ఎత్తిపట్టుకుని, నరసమ్మ చేతి వంట తిన్న తన చుట్టాలు కొందరితో దాటి వచ్చి కూర్చున్నారు.

ఆటో చప్పుడు వినిపించింది. వాగు దాకా వచ్చింది. ఆగిపోయింది.

అందరం చూస్తున్నాం. అవతలి ఒడ్డున బండి కనపడుతోంది. కదలడం లేదు. ఇంజను మోగుతూనే ఉంది.

"ఏంది బావా, బండి ఖరాబైందా?" అన్నాడు ముత్తయ్య.

"చూశావా," అన్నారు ఓనరు గారు. "భయపడిపోయింది. నలుగురు కుర్రాళ్లను పంపండి, గుండిగ దించి మోసుకొస్తారు."

ఇద్దరు లేచారు కూడా.

"పోకున్రి," అన్నాను. "చారు ఆగే దాకా ఆగింది."

ఓనరు గారు నా వైపు అదోలా చూశారు. నా మాట మీద నాకు పూర్తి నమ్మకం ఉందని చెప్పలేను. నిజంగా భయపడి ఉండవచ్చు. గుండిగ అప్పటికే ఒలికి ఉండవచ్చు. విస్తర్ల ముందు జనం కూర్చుని ఉన్నారు. నరసమ్మ బతికినన్నాళ్లు ఎవరికీ తక్కువ వడ్డించిన మనిషి కాదు. ఆ రోజు ఒక్క విస్తరి దగ్గర చారు చాలకపోయినా అది నా మీదా, ఆ పిల్ల మీదా పడుతుంది.

బండి కదిలింది. ఒక చక్రం నీళ్లలోకి దిగింది, తర్వాత వెనక రెండూ దిగాయి. మధ్యలో ఒక రాయి దగ్గర మళ్లీ ఆగింది. నీళ్లు చక్రాల చుట్టూ తిరుగుతున్నాయి. సునీత ముందుకు చూడడం లేదు, మెడ తిప్పి వెనక గుండిగనే చూస్తోంది. తర్వాత రాయి ఎక్కింది, దిగింది, మళ్లీ ఆగింది. అలా ఆగుతూ ఆగుతూ ఒడ్డెక్కి, పందిరి పక్కకు వచ్చి నిలిచింది.

"ఇంత సేపా?" అన్నారు ఓనరు గారు.

"అది ఆగాలె గద సారూ," అంది సునీత.

ముత్తయ్య, ఇంకొకతనూ కలిసి గుండిగ దించారు. గుడ్డ విప్పారు. పిండి ముద్ద ఎండి గట్టిపడి ఉంది, ఎక్కడా పగుల్లేదు. ఓనరు గారే వంగి మూత తీశారు. ఆవిరి వచ్చింది. ఆయన ముఖం వెనక్కి తీసుకుని, మళ్లీ లోపలికి తొంగి చూశారు.

చారు గొంతు దాకా ఉంది. దాని మీద మోదుగాకులు పరిచి ఉన్నాయి.

"ఇదెవరు చెప్పిన్రు నీకు?" అని అడిగాను.

"ఎవరు చెప్పుడేంది తాతా? మా అమ్మ బోరు కాడికెల్లి నీళ్లు గిట్లనే తెస్తది. నువ్ అన్ని చెప్పినవ్, గిదొక్కటి చెప్పలే. మర్సిపోయినవనుకున్న."

"మర్వలే," అన్నాను. "మా నరసమ్మ గిట్లనే వేస్తుండె."

చుట్టూ ఉన్నవాళ్లు వింటున్నారు. ఆమె పేరు సులువుగానే నోటికొచ్చింది. నాకే కొంచెం ఆశ్చర్యం వేసింది.

నాగేశ్వరరావు గారు మూత ముత్తయ్య చేతికిచ్చి, పందిరి కింద ఉన్న తన చుట్టాల వైపు తిరిగారు. వాళ్లంతా ఆయన కథ ఎన్నోసార్లు విన్నవాళ్లే.

"ఈ ఆకు ఐడియా నాది కాదర్రా," అన్నారు. "నరసమ్మది. నేను సగం పోయమన్నాను. ఆవిడ వద్దంది." తర్వాత సునీతను చూశారు. "రేపటి నుంచి పెద్ద గుండిగలు నువ్వే తీసుకెళ్తావు. ఆకులు నువ్వే కోసుకో, నా వంటవాళ్లకు చేతకాదు."

"మరి ముడులు కూడ నేనే చూస్త సారూ," అంది ఆమె వెంటనే. "మీ వంటోళ్లు వేడి మీదనే కడుతున్నరు."

ఎవరో నవ్వారు. ఆయన కూడా నవ్వారు.

జనం ఎదురుచూస్తున్నారు. నేను వంగి ఆకులు ఒక్కొక్కటే అంచు పట్టుకుని తీసి పక్కన పెట్టాను. అడుగువైపు చారు అంటుకుని ఉంది. పైవైపు తిప్పి చూశాను. ఆవిరి చుక్కలు తప్ప ఏమీ లేవు. ఒక్క ఆకు మీద కూడా చారు మరక లేదు.